ఏటికోత నడుమ కార్తీక రాసలీల

కార్తీక పౌర్ణమి రాత్రి తెలుగునాట శివాలయాల ముందు జ్వాలాతోరణం వెలిగే వేళకు, అస్సాంలో బ్రహ్మపుత్ర పాయల నడుమ ఉన్న మాజులి దీవిలో కృష్ణకథ పదుల కొద్దీ రంగస్థలాలపై మొదలై తెల్లవారుజాము దాకా సాగుతుంది. పౌర్ణమిని కలుపుకొని మూడు నాలుగు రోజులు జరిగే ఈ వేడుకను అక్కడివారు రాస్ అని పిలుస్తారు. భాగవత దశమస్కంధంలో 29 నుంచి 33 వరకు గల అయిదు అధ్యాయాలకు రాసపంచాధ్యాయి అని పేరు. శరత్కాలపు వెన్నెలలో, యమునా తీరాన, గోపికలతో కృష్ణుడు మండలాకారంగా ఆడిన నృత్యం వాటిలోని వస్తువు. ఉత్సవానికి ఆ ఘట్టం నుంచే పేరు వచ్చినా, మాజులి రంగస్థలంపై కనబడేది ఆ ఒక్క ఘట్టమే కాదు. చెరసాలలో శిశువు పుట్టడం, పూతన రావడం, బకాసుర అఘాసురుల వధ, కాళియమర్దనం వరుసగా నడిచిన తరువాతనే, రాత్రి బాగా ముదిరాక, గోపికల మండలం ఏర్పడుతుంది. అందువల్ల దీన్ని నృత్యోత్సవంగా మాత్రమే చూపే పర్యాటక ప్రచారం అసలు సంగతిలో సగమే చెబుతుంది. ఊరి రైతు కంసుడిగా, బడిపిల్లవాడు బాలకృష్ణుడిగా, వెదురు పనివాడు రాక్షసుల ముఖాలు కట్టేవాడిగా, మిగిలినవారు పందిరి వేసేవారుగా, వంట చేసేవారుగా, వాద్యకారులుగా పాలుపంచుకునే ఈ వేడుక అన్నిటికంటే ముందు ఒక నాటకోత్సవం. ఆ నాటకానికి పునాది అయిన పద్ధతిని అయిదు శతాబ్దాల కిందట ఒక భక్తికవి నిలబెట్టాడు.

ఆ పద్ధతి ఇంతకాలం ఇక్కడే ఎందుకు పాతుకుపోయిందో తెలియాలంటే ముందుగా దీవి స్వభావాన్ని గమనించాలి. మాజులి మొదటినుంచీ దీవి కాదు. ఉత్తరాన బ్రహ్మపుత్ర, దక్షిణాన దిహింగ్ నదుల మధ్య పొడవుగా సాగిన భూభాగంగా ఉండేది. 17వ శతాబ్ది ఉత్తరార్ధంలో వరుసగా వచ్చిన భూకంపాలు, 1750లో వచ్చిన మహావరద కలిసి నదుల దారి మార్చగా, బ్రహ్మపుత్ర దక్షిణానికి జరిగి దిహింగ్ పాత మార్గాన్ని పట్టుకుంది. ఉత్తరాన వదిలిన పాత పాయ సన్నగిల్లి ఖేర్‌కటియా సుతిగా మిగిలింది. సుతి అంటే అస్సామీలో చిన్న పాయ. ఇప్పుడు దీవికి వాయవ్యాన సుబన్‌సిరి, ఈశాన్యాన ఈ పాయ, దక్షిణాన బ్రహ్మపుత్ర ప్రధాన ప్రవాహం హద్దులు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 1,67,304 మంది ఉన్నారు. వారిలో నేల మీద స్తంభాలు పాతి, ఎత్తుగా వెదురు ఇళ్లు కట్టుకునే మిసింగ్ గిరిజనులది పెద్ద వాటా. దేవురీలు, సోనోవాల్ కచారీలు, అహోంలు, కలితలు, కైవర్తులు తదితరులు మిగిలినవారు. 2016లో మాజులి ప్రత్యేక జిల్లా అయింది. నదీ ద్వీపం మొత్తం ఒక జిల్లా కావడం దేశంలో అదే మొదలు. జోర్హాట్ వైపున ఉన్న నిమాతి ఘాట్ నుంచి పడవల మీద జనం, మోటారు సైకిళ్లు, కార్లు, కూరగాయల బుట్టలు ఒకటిగా నది దాటుతాయి.

ఏటా జూన్ నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం. నీరు తీశాక వచ్చే అస్సామీ మాసమైన కాతి, అంటే అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య వరకు, ధాన్యపు గాదెలు అడుగంటే కాలం. ఆ నెల మొదటి రోజున పొలంలోనూ తులసి దగ్గరా దీపాలు పెట్టి జరుపుకొనే బిహును విందులు లేని కారణంగా కంగాలీ బిహు అని కూడా అంటారు. చేలో సాలి వరి పొట్టకట్టి పండుతూ ఉంటుంది గాని ఇంకా కోతకు రాదు. వరద భయం పోయింది, కోతల పని మొదలు కాలేదు. పౌర్ణమి సరిగ్గా ఈ విరామంలో వస్తుంది గనుకనే వారాల తరబడి సాయంకాలపు సాధనలకు ఊరంతా సమయం పెట్టగలుగుతుంది. వ్యవసాయపు తీరికకూ, పురాణం చెప్పిన వెన్నెలకూ కుదిరిన ఈ పొత్తు వల్లనే రాస్ మఠాల వేడుకగా ఆగిపోక ఊళ్ల వేడుక కాగలిగింది.

మఠాలను అస్సామీలో సత్ర అంటారు. తెలుగువారు బాటసారుల బస అనే అర్థంలో వాడే సత్రానికీ దీనికీ అర్థం వేరు; ఇది శంకరదేవుడి వైష్ణవ సంప్రదాయాన్ని అనుసరించే ఆశ్రమ సంస్థ. శంకరదేవుడు (1449–1568) నేటి నగావ్ జిల్లాలోని బర్దోవా ప్రాంతంలో పుట్టి, పుష్కర కాలం దేశయాత్ర చేసి, పూరీ వంటి క్షేత్రాలు చూసి వచ్చి, ఒక్క విష్ణువునే శరణు పొందాలని చెప్పే ఏకశరణ ధర్మాన్ని బోధించాడు. యజ్ఞాలకూ బలులకూ బదులుగా నామశ్రవణ కీర్తనలే సాధన అన్నాడు. భాగవతంలోని పలు స్కంధాలను అస్సామీ పద్యంలోకి తెచ్చాడు. దశమ స్కంధపు మధ్య, చివరి భాగాలను అనంత కందలి వంటి ఇతర కవులు పూరించారు. ఆంధ్ర మహాభాగవతం పోతనతో పాటు గంగన, సింగన, నారయల చేతుల మీదుగా పూర్తయిన తీరు ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ సంగతి కొత్తగా తోచదు. సుమారు ఒకే కాలంలో, దేశానికి రెండు మూలల్లో, ఒకే గ్రంథం ప్రజల భాషలోకి దిగడం గమనింపదగిన విషయం.

పద్యం ఒక్కటే చాలదని గ్రహించడంలో శంకరదేవుడి ప్రత్యేకత ఉంది. చదువురాని రైతుకూ జాలరికీ భాగవతం చేరాలంటే అది కంటికి కనబడాలి, చెవికి వినబడాలి, అందులో వారికీ ఒక పాత్ర ఉండాలి. దానికోసం ఆయన ఏకాంక రూపకాలు రాశాడు. వీటిని అంకియా నాట్ అనీ, వాటి ప్రదర్శనను భావోనా అనీ అంటారు. మైథిలి, అస్సామీ భాషల కలయికతో రూపొందిన వ్రజావళి అనే సాహిత్య భాషలో సాగే ఈ రూపకాల్లో కాళీదమన్, రుక్మిణీ హరణ్, పారిజాత హరణ్, రామ్ విజయ్, పత్నీ ప్రసాద్‌లతో పాటు, రాసపంచాధ్యాయి ఆధారంగా రాసిన కేళి గోపాల్ కూడా ఉంది. మాజులి రాస్‌కు సాహిత్య మూలం ఈ కేళి గోపాలే. భావోనా మొదలయ్యే ముందు గాయన్ బాయన్ అనే గాయక వాదక బృందం తెల్లని దుస్తులలో వచ్చి, ఖోల్ అనే రెండు ముఖాల మట్టి మృదంగాన్ని, భోర్‌తాల్ అనే పెద్ద కంచు తాళాలను మోగిస్తూ చాలాసేపు పూర్వరంగం నడుపుతుంది. తరువాత సూత్రధారుడు ప్రవేశించి నాటకం చివరిదాకా రంగం మీదే ఉండి, శ్లోకం చదువుతూ, కథ చెబుతూ, పాత్రలను పరిచయం చేస్తూ ఉంటాడు. ముఖ్యపాత్ర వచ్చేటప్పుడు ఇద్దరు పట్టుకున్న తెల్లని వస్త్రం తెరగా నిలిచి తొలగుతుంది. సూత్రధారుడు, తెర, ప్రవేశ దరువు, స్త్రీ పాత్రలు ధరించే పురుషులు ఉన్న కూచిపూడి భాగవత మేళం ఇక్కడ గుర్తుకు రాక తప్పదు. పారిజాతం కథ అక్కడా ఇక్కడా ప్రధాన ఇతివృత్తం కావడం మరొక పోలిక. అయితే కూచిపూడిలో ఆ కళ ఒక అగ్రహారంలోని బ్రాహ్మణ కుటుంబాల వృత్తి కాగా, అస్సాంలో అది ఊరి ప్రార్థనామందిరమైన నామ్‌ఘర్‌ను ఆసరా చేసుకుని పలు కులాల మధ్య వ్యాపించింది. రెండు సంప్రదాయాల మధ్య ఉన్న పెద్ద తేడా ఇదే. రాస్ ఈనాటికీ జనం చేతుల్లో ఉండడానికి ఈ తేడా ప్రధాన కారణం.

మాజులిలో శంకరదేవుడు కొన్నేళ్లే గడిపాడు. ధువాహాట్ బేలగురిలో ఉండగానే, తొలుత శాక్తుడైన మాధవదేవుడు (1489–1596) ఆయనతో వాదించి, చివరికి శిష్యుడై, తరువాత ఆయన వారసుడయ్యాడు. ఆ కలయికను అస్సామీలు మణికాంచన సంయోగంగా తలచుకుంటారు. ఆ బేలగురి నేల ఇప్పుడు లేదు, నది తీసుకుపోయింది. గురువులిద్దరూ అహోం రాజ్యం విడిచి పడమటి కోచ్ రాజ్యానికి తరలిపోయారు గనుక మాజులిలో సత్రలు బలపడినది తరువాతి శతాబ్దంలో, అహోం రాజుల ఆదరణతో. రాజు జయధ్వజ సింహుడి కాలంలో, 1653లో, ఔనియాటి సత్ర ఏర్పడింది. దఖిన్‌పాట్, గరమూర్, కమలాబారి, సామగురి సత్రలు కూడా ఆ 17వ శతాబ్దానికే చెందుతాయి. ఇవన్నీ ఒకే తీరువి కావు. శంకరదేవుడి తరువాత సంప్రదాయం బ్రహ్మ, పురుష, కాల, నికా అనే నాలుగు సంహతులుగా, అంటే శాఖలుగా, చీలింది. నామ్‌ఘర్‌లో విగ్రహం బదులు ఏడంచెల సింహాసనం మీద గ్రంథాన్ని ఉంచి కొలవడం మూల ఆచారం కాగా, బ్రహ్మ సంహతికి చెందిన దఖిన్‌పాట్‌లో యాదవరాయ విగ్రహం ఉంది. ఔనియాటిలో, కమలాబారిలో బ్రహ్మచారులైన భకత్‌లు నామ్‌ఘర్ చుట్టూ వరుసగా కట్టిన వసతుల్లో ఉంటారు. సామగురిలో గృహస్థులే సత్ర నడుపుతారు. లోకానికి దూరంగా ఉన్న మఠాలని వీటిని అనుకోకూడదు: ఔనియాటి సత్రాధికారి దత్తదేవ గోస్వామి దీవిలోనే అచ్చుయంత్రం పెట్టి 1871 నుంచి అసమ్ బిలాసినీ పత్రికను నడిపాడు.

రాస్ ఇప్పటి రూపం మాత్రం శంకరదేవుడి నాటిది కాదు. 19వ శతాబ్దంలో దఖిన్‌పాట్ సత్రాధికారి వాసుదేవ గోస్వామి కార్తీక పౌర్ణమికి రాసోత్సవాన్ని నియమంగా ఏర్పాటు చేయడంతో మాజులిలో దీని చరిత్ర మొదలవుతుంది. 20వ శతాబ్దంలో గరమూర్ సత్రాధికారి, స్వాతంత్ర్య సమరయోధుడు పీతాంబర దేవ గోస్వామి దీన్ని సత్ర ప్రాంగణపు క్రమశిక్షణ నుంచి ఆధునిక రంగస్థలం వైపు నడిపించాడు. అణగారిన కులాలకూ గిరిజనులకూ సత్ర తలుపులు తెరవడానికి పూనుకున్న సంస్కర్త ఆయన. ఆ దృష్టే రాస్ విషయంలోనూ కనబడుతుంది. అప్పటినుంచి రెండు ధోరణులు పక్కపక్కనే నడుస్తున్నాయి. సత్రలలో వ్రజావళి గీతాలు, నియమబద్ధమైన నృత్యం, బాలురు ధరించే గోపికా వేషాలు నిలిచాయి; ఊళ్లలో బహిరంగ వేదికలు, రంగురంగుల తెరలు, విద్యుద్దీపాలు, అస్సామీ సంభాషణలు, గోపికలుగా అమ్మాయిలు వచ్చారు. మిసింగ్ గ్రామాలు కూడా తమ వేదికలు తాము కట్టుకుంటాయి. సత్ర ప్రదర్శనే అసలైనదనీ ఊరి వేదిక దానికి నకలనీ తేల్చడం సరికాదు. భాగవతాన్ని అందరి ముందూ ఉంచాలన్న శంకరదేవుడి ఉద్దేశానికి ఊరి వేదికే ఎక్కువ దగ్గరగా ఉందని చెప్పడానికి తగిన ఆధారం ఉంది.

మాజులి రాస్‌లో రాధ కోసం వెదికేవారికి ఆమె కనబడదు. భాగవతంలో రాధ పేరు లేదు. శంకరదేవుడు ఆ మూలాన్ని అంటిపెట్టుకుని, కృష్ణుడి పక్కన రాధను ఉంచి కొలిచే పద్ధతిని స్వీకరించలేదు. బెంగాల్, ఒడిశా, మణిపూర్ వైష్ణవాలతో పోల్చినప్పుడు అస్సాం వైష్ణవానికి గల స్పష్టమైన తేడా ఇది. అందుచేత ఇక్కడి రాస్‌లో ప్రణయ ఘట్టం కంటే భక్తి ఘట్టం ముందుకు వస్తుంది: వేణునాదం విని ఇళ్లు వదిలి వచ్చిన గోపికలలో గర్వం పొడచూపగా కృష్ణుడు మాయమవుతాడు, వారు చెట్టునూ తీగనూ అడుగుతూ వెదుకుతారు, గర్వం కరిగాక ఆయన మళ్లీ ప్రత్యక్షమై ప్రతి గోపిక పక్కనా తానే ఉన్నట్లు నర్తిస్తాడు. వేదిక మీద ఈ చివరి దృశ్యానికి నెమలిపింఛపు కిరీటం, పసుపు ధోవతి ధరించిన కృష్ణుడి చుట్టూ గోపికలు వలయం కడతారు. సత్రలలో పెరిగిన పిల్లలకు ఈ నృత్యం కోసం వేరే శిక్షణ అక్కరలేదు. మాటి అఖొరా అనే నేలమీద చేసే వ్యాయామాలతో మొదలై ఏళ్ల తరబడి సాగే వారి అభ్యాసమే సత్రియ నృత్యం. సంగీత నాటక అకాడెమీ 2000 నవంబరులో దాన్ని శాస్త్రీయ నృత్యాల వరుసలో చేర్చింది.

రాత్రంతా కథను నిలబెట్టేవి మాత్రం ముఖాలు. వేషధారి తొడుక్కునే రాక్షస, జంతు రూపాలను అస్సామీలో ముఖా అంటారు. వీటికి సామగురి సత్ర పేరు పొందింది. పని వెదురుతో మొదలవుతుంది. జాతి వెదురును చీల్చి, నీళ్లలో నానబెట్టి, సన్నని బద్దలతో షట్కోణాల అల్లికగా ముఖపు గూడు కడతారు. కుమ్మరి మట్టి బురదలో ముంచిన గుడ్డ ముక్కలను దానిపై పొరలుగా అతికిస్తారు. ఆరాక మట్టి, పేడ కలిపిన ముద్దతో ముక్కు, కనుబొమలు, చెంపలు తీర్చి, ఇంకా పచ్చిగా ఉండగానే వెదురు కత్తితో నునుపు చేస్తారు. జుట్టుకూ మీసాలకూ జనపనార వాడతారు. వెనకటి రోజుల్లో హెంగుల్ అనే ఇంగిలీకపు ఎరుపు, హైతాల్ అనే హరితాళపు పసుపు ప్రధాన వర్ణాలు. ఇప్పుడు బజారు రంగులూ చేరాయి. ముఖాన్ని మాత్రమే కప్పేవి, ముఖంతో పాటు మొండెం కూడా వేలాడుతూ కదిలేవి, మనిషిని నిలువునా లోపల దాచుకునే పెద్దవి అని మూడు రకాలు ఉన్నాయి. పూతన, నరసింహుడు, రావణుడు, వరాహం, గరుడుడు, బకాసురుడు — ఒక్కొక్కదానికి నియత రూపం ఉంది. దవడలు కదిలేలా కట్టే నేర్పు ఇటీవలి తరం తెచ్చిన మార్పు. దానివల్ల ముఖం వెనుక ఉన్న నటుడు నోరు కదుపుతూ సంభాషణ పలకగలడు. సామగురి కళాకారుడు హేమచంద్ర గోస్వామికి 2023లో పద్మశ్రీ లభించింది. 2024లో మాజులి ముఖాలకూ, సత్రలలో వికసించిన మాజులి గ్రంథచిత్రాలకూ భౌగోళిక గుర్తింపు దక్కింది.

గుర్తింపు వచ్చింది గాని, ముఖం పుట్టడానికి కావలసిన నేల తరుగుతున్నది. 20వ శతాబ్ది మొదట్లో సుమారు 880 చదరపు కిలోమీటర్లున్న మాజులి 2014 నాటికి సుమారు 352 చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోయింది. 1950 ఆగస్టు 15న వచ్చిన 8.6 తీవ్రత గల భూకంపంలో కొండచరియలు విరిగి నదుల్లో పడగా, ఒండ్రు పేరుకుని బ్రహ్మపుత్ర అడుగు ఎత్తు పెరిగింది. లోతు తగ్గిన నది వెడల్పు కోసం గట్లను తింటుంది. ఇసుక, ఒండ్రు కలగలిసిన మాజులి గట్టు కిందినుంచి తొలచుకుపోయి ఒక్కసారిగా పెళ్లలుగా విరిగిపడుతుంది. గోదావరి లంకల్లో గట్టుకోతతో కొబ్బరి తోట పోగొట్టుకున్న రైతుకు ఈ నష్టం విడమరచి చెప్పనక్కరలేదు. వరద నీరు తీస్తుంది, పొలం మళ్లీ పండుతుంది. కోతకు పోయిన పొలం తిరిగి రాదు, దానికి పట్టా మాత్రం చేతిలో మిగులుతుంది. కాంక్రీటు దిమ్మెలను ముళ్లపందుల్లా అమర్చి ప్రవాహ వేగం తగ్గించే పనులు, గట్టు వెంట రాతి కట్టడాలు కొంత మేరకు అడ్డుపడ్డాయి. అయినా ఒకప్పుడు అరవైకి పైగా ఉన్న సత్రలలో దాదాపు సగమే దీవిలో మిగిలాయి. మిగిలినవి జోర్హాట్ వైపుకూ ఇతర జిల్లాలకూ తరలిపోయాయి. 2004 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్న మాజులి ప్రపంచ వారసత్వ హోదా ఇంకా పొందలేదు.

సత్ర తరలిపోతే ఏం పోతుందో లెక్కగట్టడం కష్టం. గ్రంథాలూ సింహాసనమూ పడవెక్కుతాయి, గీతాలు భకత్‌ల కంఠంలో ఉంటాయి. కానీ సత్రకు ధాన్యమిచ్చే ఊళ్లు, వెదురు పొదలు, సాల్మొరాలో చక్రం లేకుండా చేత్తో కుండలు మలిచే కుమ్మరులు తవ్వుకునే బంకమట్టి, రాస్ రాత్రికి నడిచి వచ్చే ప్రేక్షకులు వెంట రారు. నాటకానికి ఆ పొరుగు అంతా అవసరమే గనుక, కోత నివారణను జలవనరుల శాఖ వ్యవహారంగానూ, రాస్‌ను సాంస్కృతిక శాఖ వ్యవహారంగానూ విడదీసి చూసే పద్ధతి మాజులికి అన్యాయం చేస్తుంది. జోర్హాట్‌తో కలిపే వంతెనకు 2021లో శంకుస్థాపన జరిగి, పనులు ఆటంకాల మధ్య సాగాయి. అది పూర్తయితే ఆసుపత్రికీ కళాశాలకూ పడవ కోసం కాచుకునే బాధ తప్పుతుంది. అదే ఏడాది నిమాతి ఘాట్ దగ్గర రెండు పడవలు ఢీకొన్న ప్రమాదం ఆ అవసరాన్ని అందరికీ చూపింది.

వారసత్వపు మరో చిక్కు సత్రల లోపలే ఉంది. బ్రహ్మచర్య సత్రలు కుటుంబాలు చిన్నతనంలోనే అప్పగించే బాలుర మీద ఆధారపడి నడుస్తాయి. ఒక పెద్ద భకత్ ఆ బాలుణ్ణి తన వసతిలో ఉంచుకుని, బడికి పంపుతూ, పాటా ఆటా నేర్పుతూ పెంచుతాడు. ఇద్దరు పిల్లలతో సరిపెట్టుకునే ఇళ్లు పెరిగిన కొద్దీ అలా ఇచ్చేవారు తగ్గుతున్నారు. ఊరి రాస్‌కు ఈ ఇబ్బంది లేదు. కార్తీకం దగ్గరపడగానే గ్రామ సమితి చందాలు పోగుచేసి, పెద్దవారిలో ఒకరిని సూత్రధారుడిగా, ఒకరిని శిక్షకుడిగా పెట్టుకుని, బడి విడిచిన తరువాత పిల్లలను కూడగడుతుంది. శిశువుగా, బాలుడిగా, కిశోరుడిగా కృష్ణ పాత్రకు వేర్వేరు వయసుల పిల్లలు కావాలి. గోపికల వలయానికి పది పన్నెండు మంది అమ్మాయిలు కావాలి. కిందటి ఏడు వలయంలో నిలిచిన అమ్మాయి ఈ ఏడు చిన్నవారికి అడుగులు చూపుతుంది. సత్రలో శిక్షణ పొంది వచ్చిన భకత్‌లే చాలా ఊళ్లలో ఆ అడుగులను సరిదిద్దే గురువులు. స్త్రీలకు ఒకప్పుడు చోటులేని ఆ నృత్యాన్ని ఇవాళ ఊరి వేదిక మీద నిలబెడుతున్నది ఎక్కువగా ఈ అమ్మాయిలే.